తెరమీది ఆట – కళాకారుని చూపు

పాఠ్యభాగ ఉద్దేశం

వీడియో గేమ్ నేటి యువతకు అత్యంత పరిచితమైన వినోదసాధనం. ఆ ఆట రూపాన్ని, దాని వెనుక ఉన్న సాంకేతికతను సమకాలీన కళాకారులు తమ కళకు ముడిసరుకుగా స్వీకరించిన తీరును తెలపడం, కంటికి కనిపించేదానిని ఆలోచనతో చూచే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

తెలుగు భాషలో ‘ఆట’ అనే మాటకు విస్తృతి ఎక్కువ. చెడుగుడు ఆట, చదరంగం ఆట, తోలుబొమ్మలాట, కోలాటం – అన్నీ ఆటలే. చలనచిత్ర ప్రదర్శనలను కూడ మొదటి ఆట, రెండవ ఆట అని లెక్కించడం మన వాడుక. మనిషి ఆడేదానిని, కూర్చుండి చూచేదానిని ఒకే మాటతో పిలిచిన భాష మనది. ఈ వాడుకకు శాస్త్రాధారం కూడ లేకపోలేదు. కంటికి కనబడేది, చెవికి వినబడేది అయిన ఒక ‘క్రీడనీయకాన్ని’, అంటే ఆటవస్తువును ప్రసాదించమని దేవతలు బ్రహ్మను ప్రార్థించారనీ, ఆ కోరిక ఫలితంగానే నాట్యం అవతరించిందనీ భరతముని నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలో ఉన్నది.

కంటికీ చెవికీ విందుచేసే ఆటవస్తువు అన్న మాట నేటి వీడియో గేమ్‌కు కూడ చక్కగా సరిపోతుంది. అయితే ఒక భేదం ఉన్నది. నాటకశాలలో ప్రేక్షకుడు చూస్తాడు, పాత్రధారి ఆడతాడు. వీడియో గేమ్‌లో చూచేవాడే ఆడేవాడు. వేలితో ఒక మీట నొక్కగానే తెరమీది వీరుడు గోడ దూకుతాడు; మరొకటి నొక్కితే తుపాకి పేలుతుంది. చేసే పని వేలిదే అయినా, తానే దూకినట్లు, తానే గెలిచినట్లు ఆటగానికి అనిపిస్తుంది. చూపుకూ చేతకూ నడుమ ఏర్పడిన ఈ కొత్త సంబంధమే సమకాలీన కళాకారుల దృష్టిని ఆకర్షించింది.

ఆట పెరిగిన తీరు

1962లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో కొందరు యువకులు ‘స్పేస్‌వార్’ అనే కంప్యూటర్ ఆటను రూపొందించారు. 1972లో అటారీ సంస్థ ‘పాంగ్’ను విడుదల చేసింది. ఒక చుక్క, రెండు గీతలు – ఆ ఆటలోని దృశ్యసామగ్రి దాదాపు అంతే. 1985లో జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ ‘సూపర్ మారియో బ్రదర్స్’ను వెలువరించింది. మీసాలవాడైన మారియో ఇటుకలను పగులగొడుతూ, గోతులను దాటుతూ పరుగెత్తే ఆ ఆట దేశదేశాల బాలబాలికలకు ప్రియమైనది. 2012లో న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం 14 వీడియో గేమ్‌లను తన సేకరణలో చేర్చుకొన్నది.

ఆట మ్యూజియంలో చోటు సంపాదించడం ఒక సంగతి. కళాకారుడు ఆటను తీసుకొని దానినుండి మరొక కృతిని నిర్మించడం వేరొక సంగతి. ఈ పాఠంలో ప్రస్తావనకు వచ్చేది రెండవది. ఇటువంటి కృతులను పరిశీలిస్తే ప్రధానంగా రెండు మార్గాలు కనిపిస్తాయి. మొదటిది తీసివేత: ఆటలో ఉన్నదానిని తొలగించడం. రెండవది చేర్పు: ఆట కావాలని వదలివేసినదానిని తిరిగి తెచ్చి నిలపడం.

తీసివేత

1978లో జన్మించిన అమెరికన్ కళాకారుడు కోరీ ఆర్కేంజెల్ 2002లో ‘సూపర్ మారియో క్లౌడ్స్’ అనే కృతిని రూపొందించాడు. నింటెండో ఆటలు ప్లాస్టిక్ కేసెట్లలో వచ్చేవి. కేసెట్టు లోపల చిన్న ఎలక్ట్రానిక్ చిప్పులు ఉంటాయి. ఆట నడకను నిర్ణయించే ఆదేశాలు అందులోనే నిక్షిప్తమై ఉంటాయి. ఆర్కేంజెల్ మారియో ఆట కేసెట్టును విప్పి, ఆదేశాలున్న చిప్పును తొలగించి, తాను వ్రాసిన ఆదేశాలతో కూడిన చిప్పును దాని స్థానంలో అమర్చాడు. ఫలితంగా తెరమీద మారియో లేడు. ఇటుకలు లేవు, నాణేలు లేవు, శత్రువులు లేరు, సంగీతం లేదు. నీలాకాశం, అందులో మెల్లగా కదలిపోయే తెల్లని మేఘాలు మాత్రమే మిగిలాయి.

ఆ మేఘాలు మొదటినుండీ ఆటలో ఉన్నవే. ఆ ఆట ఆడిన ప్రతివారి కళ్లముందూ అవి కదిలాయి. కాని ఎదురుగా గొయ్యి ఉన్నప్పుడు మేఘాన్ని చూచే తీరిక ఎవరికి ఉంటుంది? గెలవాలన్న తొందరను తీసివేసిన తరువాతనే మేఘం కంటబడింది. ఈ కృతి 2004లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం నిర్వహించిన ద్వైవార్షిక ప్రదర్శనలో స్థానం పొందింది.

ఆర్కేంజెల్ ఆటలోని వీరుణ్ణి తొలగిస్తే, ఇయన్ చెంగ్ అనే మరొక అమెరికన్ కళాకారుడు ఆటగాణ్ణే తొలగించాడు. అతని పద్ధతి తెలియాలంటే ‘గేమ్ ఇంజిన్’ అంటే ఏమిటో తెలియాలి. ఆటలో వెలుగు ఎటునుండి పడాలి, విసిరిన రాయి ఎట్లా నేలకు రాలాలి, రెండు వస్తువులు ఢీకొంటే ఏమి కావాలి – ఇటువంటి లెక్కలన్నింటినీ క్షణక్షణం నిర్వహించే సాఫ్ట్‌వేర్‌కు గేమ్ ఇంజిన్ అని పేరు. యూనిటీ, అన్‌రియల్ అనేవి వీటిలో ప్రసిద్ధమైనవి. ఒకప్పుడు పెద్ద సంస్థలకే అందుబాటులో ఉన్న ఇటువంటి సాధనాలు క్రమంగా వ్యక్తుల చేతికి కూడ వచ్చాయి. చెంగ్ 2015 – 2017 సంవత్సరాల మధ్య యూనిటీ సహాయంతో ‘ఎమిసరీస్’ అనే మూడు కృతుల వరుసను నిర్మించాడు. అందులోని మనుషులు, జంతువులు తమకు అమర్చిన స్వభావాలను అనుసరించి తమంతట తామే ప్రవర్తిస్తూ ఉంటారు. మీట నొక్కేవాడు లేడు. గెలుపు లేదు, ముగింపు లేదు. ప్రేక్షకుడు ఎంతసేపు నిలబడినా, చూచిన దృశ్యం మరల అదే విధంగా రాదు. తన ఆజ్ఞ కోసం ఎదురుచూడని ఒక లోకం ముందు మనిషి కేవలం సాక్షిగా నిలుస్తాడు.

చేర్పు – శ్రమ

తెరమీది వీరుడు అలసిపోడు. అతడు పర్వతాలు ఎక్కినా ఆటగాని కాలు నొవ్వదు. ఆట వదలివేసిన మొదటి సత్యం శ్రమ.

1966లో బీజింగ్‌లో జన్మించిన ఫెంగ్ మెంగ్‌బో 2008లో ‘లాంగ్ మార్చ్: రీస్టార్ట్’ అనే కృతిని నిర్మించాడు. 1934 – 35 సంవత్సరాలలో చైనా ఎర్రసేన శత్రువుల ముట్టడిని తప్పించుకొంటూ వేల కిలోమీటర్ల దూరం కాలినడకన సాగింది. చరిత్రలో ‘లాంగ్ మార్చ్’ అని పేరు పొందిన ఆ మహాప్రస్థానాన్ని ఫెంగ్ పాతకాలపు వీడియో గేమ్ రూపంలోకి మార్చాడు. ఇందులో ఎర్రసేన సైనికుడు కోకాకోలా డబ్బాలను విసరి శత్రువులను ఎదుర్కొంటాడు. విప్లవగాథలోకి విపణివీధి వస్తువు ఆయుధంగా వచ్చి చేరడం చైనాలో వచ్చిన మార్పుకు చురుకైన వ్యాఖ్యానం. ప్రదర్శనశాలలో ఎదురెదురుగా ఉన్న పొడవాటి తెరల మీద ఈ ఆట సాగుతుంది. సైనికుడు ముందుకు సాగుతుంటే ఆడేవాడు కూడ అతనివెంట తెర పొడవునా పరుగెత్తవలసిందే. కుర్చీలో కూర్చుండి ఆడే వీలు లేదు.

శ్రమను మరింత గాఢంగా చేర్చిన కృతికి మన దేశచరిత్రతోనే సంబంధం ఉన్నది. 1930 మార్చి 12వ తేదీన గాంధీజీ సబర్మతి ఆశ్రమం నుండి బయలుదేరి, సుమారు 240 మైళ్లు నడిచి దండి చేరి, ఏప్రిల్ 6వ తేదీన సముద్రతీరంలో ఉప్పు చేతికి తీసుకొన్నాడు. సరిగా ఆ తేదీలనే ఎంచుకొని, 2008 మార్చి 12 నుండి ఏప్రిల్ 6 వరకు, జోసెఫ్ డిలాప్ అనే అమెరికన్ కళాకారుడు న్యూయార్క్‌లోని ‘ఐబీమ్’ కళాకేంద్రంలో ఆ యాత్రను తిరిగి నడిచాడు. నడిచిన నేల మాత్రం ‘సెకండ్ లైఫ్’ అనే అంతర్జాల లోకానిది. ఆ లోకంలో మనిషికి బదులుగా సంచరించే బొమ్మకు ‘అవతార్’ అని పేరు. మన పురాణాలలోని అవతారమనే మాటే ఆంగ్లం ద్వారా ఇట్లా తిరిగివచ్చింది. డిలాప్ గాంధీజీ రూపంలో తన అవతార్‌ను సిద్ధం చేసుకొన్నాడు. ట్రెడ్‌మిల్ అనే నడకయంత్రాన్ని కంప్యూటర్‌కు అనుసంధించాడు. యంత్రం మీద అతడు అడుగు వేస్తేనే తెరమీది గాంధీ ముందుకు కదులుతాడు. అతడు ఆగితే గాంధీ ఆగుతాడు. ఈ విధంగా 26 రోజులలో 240 మైళ్లు నడిచాడు.

సెకండ్ లైఫ్‌లో ఎగిరే వీలున్నది. కోరిన చోటికి క్షణంలో చేరే వీలూ ఉన్నది. ఆ సౌకర్యాలను కాదని కాళ్లు నొచ్చే మార్గాన్ని ఎంచుకోవడమే ఈ కృతిలోని ఆంతర్యం. సత్యాగ్రహానికి తెలిసిన ఆయుధం తన శరీరాన్ని తాను కష్టపెట్టుకోవడం. శరీరమే లేని లోకంలో సత్యాగ్రహం ఎట్లా సాధ్యం అన్న ప్రశ్నకు డిలాప్ పాదాలు సమాధానం వెదికాయి. తరువాత అతడు ఆ అవతార్ ఆకృతిని అనుసరించి 17 అడుగుల ఎత్తైన గాంధీ విగ్రహాన్ని అట్టముక్కలతో నిర్మించాడు.

చేర్పు – మరణం

ఆట వదలివేసిన రెండవ సత్యం మరణం. యుద్ధక్రీడలలో చావు ఉంటుంది. కాని అది కొన్ని క్షణాల విరామం మాత్రమే. పడిన యోధుడు మరుసటి ఘట్టంలో లేచి నిలుస్తాడు.

2002లో అమెరికా సైన్యం ‘అమెరికాస్ ఆర్మీ’ అనే ఆటను స్వయంగా తయారుచేయించి అంతర్జాలం ద్వారా ఉచితంగా అందించింది. యువకులను సైన్యంలో చేరడానికి ప్రోత్సహించడం దాని లక్ష్యాలలో ఒకటి. 2003లో ఇరాక్ యుద్ధం మొదలైనది. 2006 మార్చిలో డిలాప్ ‘డెడ్ ఇన్ ఇరాక్’, అంటే ‘ఇరాక్‌లో మృతుడు’, అనే పేరుతో ఆ ఆటలో ప్రవేశించాడు. ప్రవేశించగానే ఆయుధాన్ని క్రింద పడవేసి, ఆటగాళ్లు పరస్పరం సందేశాలు పంపుకొనే చోట ఆ యుద్ధంలో మరణించిన అమెరికన్ సైనికుల వివరాలను వ్రాయడం ఆరంభించాడు. పేరు, వయస్సు, సైనికశాఖ, మరణించిన తేదీ – అంతే. మరొక మాట లేదు. ఇతర ఆటగాళ్లు అతని పాత్రను కాల్చేవారు. పాత్ర నేల కూలిన తరువాత కూడ అతడు పేర్లు వ్రాస్తూనే ఉండేవాడు. కొన్నిసార్లు అందరూ కలసి అతణ్ణి ఆటనుండి వెళ్లగొట్టేవారు. అతడు మరల ప్రవేశించేవాడు. అమెరికా సేనలు ఇరాక్‌నుండి వైదొలగిన 2011 డిసెంబరు వరకు సాగిన ఈ కృతిలో 4,400కు పైగా పేర్లు చోటుచేసుకొన్నాయి.

తిక్కన తెనిగించిన భారతంలోని స్త్రీపర్వం చదివినవారికి ఈ పని అపరిచితం కాదు. యుద్ధం ముగిసింది, జయఘోషలు అణగిపోయాయి. అప్పుడు గాంధారి కురుక్షేత్రంలో పడియున్న వీరులను ఒక్కొక్కరినే శ్రీకృష్ణునికి చూపుతూ దుఃఖిస్తుంది. యుద్ధపర్వాలలో సేనలుగా, అక్షౌహిణులుగా లెక్కకు వచ్చినవారు ఆమె మాటలలో కొడుకులుగా, భర్తలుగా, మనుమలుగా కనిపిస్తారు. సంఖ్యను మనిషిగా మార్చేది పేరు. ఆట జోరులో ఉన్నవారికి డిలాప్ గుర్తుచేసినది ఈ విషయాన్నే.

చేర్పు – నీడ

జర్మన్ చలనచిత్ర దర్శకుడు హరూన్ ఫరోకీ (1944 – 2014) తండ్రి భారతదేశం నుండి జర్మనీకి వెళ్లి స్థిరపడిన వైద్యుడు. 2009 – 2010 సంవత్సరాలలో ఫరోకీ ‘సీరియస్ గేమ్స్’ అనే నాలుగు భాగాల వీడియో కృతిని రూపొందించాడు. ఒక భాగంలో కాలిఫోర్నియాలోని సైనికస్థావరంలో యువసైనికులు తరగతిగదిలో కంప్యూటర్ల ముందు కూర్చుండి, ఆట వంటి సాఫ్ట్‌వేర్ సహాయంతో యుద్ధాన్ని అభ్యసిస్తుంటారు. మరొక భాగంలో, యుద్ధంనుండి తిరిగివచ్చి మానసికంగా గాయపడిన సైనికులకు చేసే చికిత్సలోనూ అటువంటి సాఫ్ట్‌వేరే కనిపిస్తుంది. యుద్ధానికి పంపేముందు చూపేవి, యుద్ధం చేసిన గాయాన్ని మాన్పడానికి చూపేవి ఒకే జాతి బొమ్మలు.

ఈ రెంటిలోనూ ఒక చిన్న భేదాన్ని ఫరోకీ పట్టుకొన్నాడు. శిక్షణకు వాడే సాఫ్ట్‌వేర్‌లో మనుషులకు, వాహనాలకు నీడలు ఉన్నాయి. చికిత్సకు వాడేదానిలో దేనికీ నీడ లేదు. కారణం ఖర్చు. చికిత్సకు వాడేది మరికొంత చౌకగా తయారైనది. ఫరోకీ ఈ భేదాన్ని ఎత్తిచూపి, ఎవరినీ నిందించకుండా విరమించాడు. యుద్ధానికి సిద్ధంచేయడంలో చూపిన శ్రద్ధ, తిరిగివచ్చినవారిని బాగుచేయడంలో కొరవడిందేమో అన్న సందేహం చూచేవారి మనస్సులో తానుగా పుడుతుంది.

ఆక్షేపణలు – పరిశీలన

ఇటువంటి కృతుల మీద ఆక్షేపణలు లేకపోలేదు. ఒకరు తయారుచేసిన ఆటను తీసుకొని మార్చడం సొంత సృష్టి ఎట్లా అవుతుందని కొందరు ప్రశ్నిస్తారు. మన కావ్యసంప్రదాయంలో ప్రఖ్యాతమైన ఇతివృత్తాన్ని స్వీకరించడం దోషం కాదు. రామకథ అందరిదీ, దేనిని విడిచి, దేనిని పెంచి చెప్పాడన్న దానిలో కవి కనిపిస్తాడు. ఆర్కేంజెల్ మేఘాలను కూడ ఈ దృష్టితోనే చూడాలి.

ఆటకోసం వచ్చినవారి మధ్యకు మృతుల పేర్లను తేవడం న్యాయమా అన్నది మరొక ప్రశ్న. వినోదం కోరి వచ్చినవారికి కలిగిన చిరాకు సహజమే. అయితే ఆ ఆట సైన్యం ఒక ప్రయోజనాన్ని ఉద్దేశించి తయారుచేయించినది. యుద్ధాన్ని ఆటలోకి మొదట తెచ్చినది కళాకారుడు కాదు. అతడు తెచ్చినది ఆ యుద్ధంలో ఆట చూపని భాగాన్ని.

మూడవ చిక్కు నిలకడకు సంబంధించినది. ‘అమెరికాస్ ఆర్మీ’ ఆట సేవలు 2022లో నిలిచిపోయాయి. డిలాప్ నిలబడిన ఆ యుద్ధభూమిలో నేడు ఎవరూ అడుగుపెట్టలేరు. తెరనుండి భద్రపరచిన చిత్రాలే ఆ కృతికి మిగిలిన ఆధారం. శతాబ్దాలు నిలిచిన తాళపత్రాలతో పోలిస్తే ఈ కళ ఆయువు అల్పం. అందువల్ల దీనిని పరిరక్షించడం మ్యూజియాలకు కొత్త బాధ్యతగా పరిణమించింది.

ముగింపు

ఈ కళాకారులలో ఎవరూ ఆటను ద్వేషించినవారు కారు. ఆట నడకను, దాని యంత్రరహస్యాన్ని శ్రద్ధగా నేర్చినందువల్లనే వారు దానిలోని లోటును చూపగలిగారు. ఆట ఆడే విద్యార్థి ఆటను మానవలసిన అవసరం లేదు. ఆడుతున్నప్పుడు రెండు ప్రశ్నలు వేసుకొంటే చాలు: ఈ ఆట నన్ను ఏమి చేయమంటున్నది? ఏమి చూడనివ్వడం లేదు? ఈ ప్రశ్నలు వ్యాపారప్రకటనకు, చలనచిత్రానికి, వార్తకు కూడ వర్తిస్తాయి. వాటిని అడగడం అలవాటైనవాడు పరుగు మధ్యలో కూడ తలయెత్తి మేఘాన్ని చూడగలడు.

అర్థాలు

విస్తృతి = వ్యాప్తి
క్రీడనీయకం = ఆటవస్తువు
నిక్షిప్తం = దాచి ఉంచబడినది
ద్వైవార్షికం = రెండేళ్లకు ఒకసారి జరిగేది
మహాప్రస్థానం = గొప్ప ప్రయాణం
విపణి = అంగడి
ఆంతర్యం = లోపలి భావం
అక్షౌహిణి = సేనా పరిమాణాన్ని తెలిపే ఒక లెక్క
ఆక్షేపణ = అభ్యంతరం
ఇతివృత్తం = కథావస్తువు

వ్యాకరణం

సంధులు:
శాస్త్రాధారం = శాస్త్ర + ఆధారం – సవర్ణదీర్ఘసంధి
సత్యాగ్రహం = సత్య + ఆగ్రహం – సవర్ణదీర్ఘసంధి
అత్యంత = అతి + అంత – యణాదేశసంధి

సమాసాలు:
నీలాకాశం – నీలమైన ఆకాశం – విశేషణ పూర్వపద కర్మధారయం
నాలుగు భాగాలు – నాలుగు సంఖ్యగల భాగాలు – ద్విగు సమాసం
శ్రీకృష్ణుని దుఃఖం, గాంధారి మాటలు వంటి షష్ఠీ ప్రయోగాలను గమనించి, పాఠంనుండి మరి మూడింటిని గుర్తించండి.

ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. వీడియో గేమ్‌లను స్వీకరించిన కళాకారులు అనుసరించిన ‘తీసివేత’, ‘చేర్పు’ అనే మార్గాలను సోదాహరణంగా వివరించండి.
2. జోసెఫ్ డిలాప్ కృతులు రెండింటినీ పోల్చి, వాటిలోని సామాన్యధర్మాన్ని తెలపండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. ‘సూపర్ మారియో క్లౌడ్స్’ కృతి విశిష్టత ఏమిటి?
2. ఫరోకీ నీడను గురించి గమనించిన భేదం వల్ల ఎటువంటి ఆలోచన కలుగుతుంది?
3. డిలాప్ కృతిని స్త్రీపర్వంతో పోల్చడం ఎంతవరకు సమంజసం? మీ అభిప్రాయం వ్రాయండి.

III. ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. దేవతలు బ్రహ్మను ఏమి కోరారు?
2. గేమ్ ఇంజిన్ అంటే ఏమిటి?
3. డిలాప్ దండియాత్రను ఎన్ని రోజులలో పూర్తిచేశాడు?
4. ఫెంగ్ మెంగ్‌బో కృతిలో సైనికుడు శత్రువులపై వేటిని విసరుతాడు?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. సంఖ్యను మనిషిగా మార్చేది పేరు.
2. అతడు ఆగితే గాంధీ ఆగుతాడు.